తను నింపని సూది

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు లిఫ్టులో తెలిసింది. ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ లోపలికి వెళ్ళాను. లిఫ్టు నడిపే అతను మీట నొక్కి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మీ సిస్టరమ్మ పోయినాదంటప్పా. తెల్లారి లేపితే లేవలేదంట."

బండి మీద దుప్పటి అంచు ఒకటి జారితే సర్దుతూ నిలబడ్డాను. మూడో అంతస్తు వచ్చేలోగా అతనే మళ్ళీ అన్నాడు.

"మొన్న గదా వచ్చి ఆ జ్వరం సూది వేసుకుని పోయింది. అదే తినింటుంది. నువ్వు మాత్రం ఎవరితో అనద్దప్పా."

ఎవరితోనూ అనొద్దన్న ఆ మాట మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి అంతా తిరిగింది. నేను అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

మీకు ఆమె ఎవరో తెలియాలి కాబట్టి చెబుతున్నాను. యలహంక దగ్గర మా ఆస్పత్రిలో మూడో అంతస్తు కిడ్నీ వార్డుకు ఆమె పెద్ద నర్సు. ఒంగోలు వైపు నుంచి నర్సు పని మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్ళు. పోయిన ఏడు రిటైరైంది. ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు, సిబ్బందికి వేసే ఫ్లూ టీకా మొదట ఆమెకే వేస్తే మిగతావాళ్ళు ధైర్యంగా వస్తారని ఆఫీసువాళ్ళు పిలిపించారు. వచ్చింది, వేయించుకుంది, వెళ్ళింది. రెండు వారాలు తిరక్కుండానే పోయింది.

అప్పటికి సిబ్బందిలో సగం మందికే టీకా అయింది. మిగతా సగానికి పెట్టె ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఇక ఆ పెట్టె దగ్గరికి ఎవరూ రారని అందరికీ తెలిసిపోయింది. ఎవరి మాట మీద ఇన్నేళ్ళూ కొందరైనా చెయ్యి చాచారో, ఆమె చావే ఇప్పుడు ఆ టీకాకు అడ్డం నిలబడింది. నాకు బాధ కలిగించింది అదే. ఆమెను తెలిసినవాళ్ళు నాకంటే బాగా రాయగలరు. కానీ ఆ మాట ఆమె పేరుకు అంటుకుపోకముందే నేను చూసిందేదో చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను బట్టల గదిలో పని చేస్తాను. మాది హిందూపురం అవతల పల్లె. దొడ్డబళ్ళాపురంలో మగ్గం నేసి, అది మూలపడ్డాక ఇక్కడ చేరాను. చేరిన కొత్తలో కిడ్నీ వార్డుకు దుప్పట్లు తీసుకెళితే ఆమె దారికి అడ్డంగా నిలబడింది. మడతల మధ్య చెయ్యి దూర్చి చూసింది.

"ఏమయ్యా, ఇవి ఎండబెట్టావా, ఎండ చూపించి తెచ్చావా?"

"ఎండినాయి సిస్టరమ్మా."

"ఎండినాయో లేదో దుప్పటి చెప్పుద్ది. నువ్వు చెప్పక్కర్లా. చెయ్యి పెట్టు."

పెట్టాను. నాకు పొడిగానే అనిపించింది.

"అరచెయ్యి కాదయ్యా. చెయ్యి తిప్పు. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారిపోద్ది."

చెయ్యి తిప్పి పెడితే చల్లగా తగిలింది. బండి మొత్తం వెనక్కి తోసుకుపోయాను. ఆ రోజు నాకు కోపం వచ్చింది. తరవాత తెలిసింది, నేనని కాదు, ఆమె ఎవర్నీ నమ్మేది కాదని.

క్యాంటీన్ టీ తాగేది కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కును కూడా మూత తీసి ఒకసారి వాసన చూసుకున్నాకే పోసుకునేది. మందు సీసా తీస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు ఎత్తి చూసేది. సీసా మీద పేరు పైకి చదివేది, తారీఖు పైకి చదివేది, చదివింది పక్కనున్న నర్సు చేత మళ్ళీ చదివించేది. ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతానని ఆమే చెప్పింది. "బయట చెప్పులుంటాయి గదా అన్నయ్యా, దేవుడు అందర్నీ చూసుకోవాలి, చెప్పులు నేను చూసుకుంటా" అనేది.

ఏమయ్యా అన్న మనిషి అన్నయ్యా అనడానికి కొన్నేళ్ళు పట్టింది. మధ్యాహ్నం నా గదికి వచ్చి దుప్పట్ల మూట మీద కూర్చుని టీ తాగేది. నాకూ మూతలో పోసేది. ఆమె మాట్లాడేది, నేను మడతలు పెట్టేవాణ్ణి. అలాగే స్నేహం కుదిరింది.

ఆస్పత్రిలో ఆమె హస్తవాసి మంచిదనేవాళ్ళు. ఆమె చేత్తో సూది పడితే నొప్పి తెలియదని రోగులు ఆమె కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. ఆ మాట ఆమెకు నచ్చేది కాదు. "హస్తవాసీ లేదు, ఏం లేదు. చేతులు కడుక్కుంటా, అంతే" అనేది.

కొత్తగా చేరిన నర్సులకు ఆమె మొదట నేర్పే పాఠం ఒకటుంది. మూతి మీద గుడ్డ కట్టుకోవడం కన్నా ముందు అది నేర్పేది. నువ్వు నింపని సూది నువ్వు పొడవొద్దు. ఎవరు నింపి ఇచ్చినా సరే. పక్కన స్నేహితురాలు నింపి ఇచ్చినా వద్దు. అందులో ఏముందో నింపిన చేతికే తెలుసు.

ఒకసారి నేను దుప్పట్లు మారుస్తుండగానే జరిగింది. డాక్టరు ఒకాయన హడావుడిగా సిరంజి నింపి, దాన్ని ట్రేలో పెట్టి, ఈ మందు ఆ పేషెంటుకి ఇచ్చెయ్యండి సిస్టర్ అని పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. ఈమె దాన్ని తీసుకెళ్ళి సింకులో పారబోసింది. ఆయన చూసి ముఖం ఎర్రగా చేసుకున్నాడు.

"నా మీద మీకు నమ్మకం లేదా సిస్టర్?"

"మీ మీద అనుమానం లేదు డాక్టరు గారూ. సూది మీదుంది."

మళ్ళీ సీసా తెప్పించి, పేరు చదివి, తనే నింపి ఇచ్చింది. అది అదే మందు. డాక్టరు నింపిన దాంట్లో ఏ తప్పూ లేదు. ఆ సంగతి నేనంటే ఆమె నవ్వింది. "తప్పు లేకపోతే మంచిదేగా. తప్పు కోసం చూళ్ళేదు, తెలుసుకోవడం కోసం చూశా" అంది.

ఒక వానాకాలం వార్డులో దగ్గు మొదలైంది. అప్పటికి మా ఆస్పత్రిలో సిబ్బందికి టీకాలు లేవు. ముక్కు కారుతున్నా, ఒళ్ళు కాలుతున్నా అందరూ డ్యూటీకి వచ్చారు. రాకపోతే జీతం తెగుతుంది. ఆ వార్డుకు వచ్చేది మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడానికి రోజు విడిచి రోజు వచ్చే రోగులు. ఒంట్లో బలమనేది ముందే ఉండదు. వాళ్ళకూ జ్వరం పట్టుకుంది. దేవనహళ్ళి నుంచి వచ్చే ఒక పూల వ్యాపారి, ఇంకొక ముసలామె, ఆ వానలు దాటలేదు. పూలాయన వచ్చినప్పుడల్లా నర్సులకు కనకాంబరాలు తెచ్చేవాడు.

పూలాయన పోయిన సాయంత్రం ఆమె నా గదికి వచ్చి మూట మీద కూర్చుంది. ఫ్లాస్కు మూత తియ్యలేదు.

"ఎవరు తెచ్చారంటావు అన్నయ్యా జ్వరం?"

"ఎవరని చెప్పాల సిస్టరమ్మా. అందరికీ ఉండె గదా."

"ఎవరో తెలిస్తే తిట్టేదాన్ని. తెలీదు. నేనే కావచ్చు."

అంతకు మించి ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ తరవాత దగ్గుతో ఎవరు వార్డులో అడుగు పెట్టినా చెయ్యి అడ్డం పెట్టేది.

కరోనా సద్దుమణిగిన తరవాత ఒక ఏడు, నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. సిబ్బంది అందరికీ ఫ్లూ టీకా, ఉచితం. ఆ ఉచితం అన్న మాట దగ్గరే అందరికీ అనుమానం మొదలైంది. క్యాంటీన్‌లో ఒకటే చర్చ. నేను మూలన కూర్చుని వినేవాణ్ణి.

"సుమ్నే, ఊరికే ఎవరిస్తారప్పా ఈ కాలంలో?" అన్నాడు లిఫ్టతను. "డ్రెస్సు చినిగిపోయిందంటే కొత్తది ఇయ్యరు. టీకా ఇస్తారంట. ఏదో ఉండాది."

"మిగిలిపోయిన సరుకై ఉంటుంది" అన్నారొకరు. "కరోనాకి పొడిచినవి చాల్లే" అన్నారు మరొకరు. వేయించుకున్న రోజే జ్వరం వస్తుందన్నారు. రోజూ ఈ గాలే పీలుస్తున్నాం, మనకేం కాదన్నారు. మాకు వేసి చూసి ఆ తరవాత డాక్టర్లు వేసుకుంటారట అన్నారు. డాక్టర్ల మీద లిఫ్టతనికి గట్టి సాక్ష్యమే ఉంది.

"ఆ పెద్ద డాక్టరు లేడా, ఎప్పుడూ లిఫ్టు కావాలంటాడే, ఆయప్ప. మూడో ఫ్లోరులో లిఫ్టు ఆగితే నర్సులు సూదికి పేరు రాయించమని పట్టుకుంటారని ఐదో ఫ్లోరు దాకా మెట్లెక్కి పోతా ఉండాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత అతను అన్న మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"నవ్వకండి. సూది వేసినాక మనకి జ్వరమొచ్చి లీవు అడిగితే ఏమంటారో తెలుసునా? టీకా వేసినాం గదా, నీకు జ్వరమెట్ల వస్తాది, నాటకమాడతా ఉండావా అంటారు. దానికే ఇది."

సిస్టరమ్మ ఆ రోజు క్యాంటీన్‌కు చెంచా కోసం వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. వాళ్ళను కసరలేదు. నేరుగా ఆఫీసు పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. టీకా వేయించుకున్నవాళ్ళకు జ్వరం వస్తే లీవు ఇస్తారా, ఇవ్వరా అని అడిగింది. చూద్దాం అన్నాడట. "మీరు చూసేదాకా నేను పెట్టె తెరవను" అని వచ్చేసింది. రెండు రోజులకు ఆయనే క్యాంటీన్‌కు వచ్చి, లీవు ఇస్తామని అందరి ముందూ చెప్పాడు. లిఫ్టతను నమ్మలేదు. కానీ ఆయన చెప్పింది విన్నాడు.

"అనుమానం రావటం తప్పు కాదన్నయ్యా" అంది ఆమె నాతో. "వస్తే అడగాలి. అడిగాక, వాళ్ళు చెప్పింది వినాలి. రెండోది ఎవరూ చెయ్యరు."

టీకా రోజు వచ్చింది. కిడ్నీ వార్డు డ్యూటీ రూములో బల్ల వేశారు. పదిమంది తలుపు దగ్గర గుమిగూడారు. లోపలికి ఎవరూ రారు. నేను ఇస్త్రీ చేసిన తువ్వాళ్ళు పెట్టడానికి వెళ్ళి ఆగిపోయాను. సిస్టరమ్మ ఐసు పెట్టె మూత తీసింది. అందులో సీసాలు లేవు. మందు నింపి మూత బిగించిన చిన్న చిన్న సిరంజిలు వరసగా ఉన్నాయి. కంపెనీ నుంచే అలా వస్తాయట.

ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సమ్మ ఒకామె ఉంది. దొడ్డబళ్ళాపురం నేతవాళ్ళ ఇంటి పిల్ల. నోరు పెద్దది, పనీ పెద్దదే. ఆమె ముందుకు వచ్చి ఒక సిరంజి వైపు వేలు చూపించింది.

"సిస్టరమ్మా, దీన్ని ఎవరు నింపినారు?"

"కంపెనీవాళ్ళు."

"మీరు చూసినారా?"

"నేనెట్టా చూస్తానే?"

"నువ్వు నింపని సూది నువ్వు పొడవద్దని మాకు నేర్పింది మీరే గదా. డాక్టరు నింపింది పారబోస్తిరి. ఇప్పుడు మొకం తెలీనోడు ఎవడో నింపింది మాకు పొడుస్తారా?"

తలుపు దగ్గర లిఫ్టతను గొంతు సవరించుకున్నాడు. ఏదో గెలిచినట్టు ఉంది ఆ సవరింపు. సిస్టరమ్మ ఆ నర్సమ్మ ముఖం కేసి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. పెట్టె మూత వేసేసింది.

"మంచి మాట అడిగావు. నా దగ్గర జవాబు లేదు. రేపు రండి."

పెట్టె మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోయింది. మధ్యాహ్నం నా గదికి వచ్చి, టీ పోసుకుని, తాగకుండా పట్టుకుని కూర్చుంది. నా పాఠం నాకే అప్పజెప్పింది చూడన్నయ్యా అంది. కోపం లేదు ఆ గొంతులో. కొంచెం గర్వం ఉందేమో.

మర్నాడు అందరూ వచ్చారు. టీకా కోసం కాదు, ఏం చెబుతుందోనని. ఆమె ఒక్క సిరంజి తీసి, మూత తియ్యకుండానే పైకెత్తి చూపించింది.

"నేను మీకు ఆ మాట సగమే నేర్పాను. తొందరలో చిన్నది చేసి చెప్పా. ట్రేలో నింపి పడేసిన సూదికి పేరుండదు, ఎప్పుడు నింపారో ఉండదు. అందుకని వద్దన్నా. దీని ఒంటి మీదే పేరుంది, తారీఖుంది, మూతకి సీలుంది. మనం నింపే సీసాలో మందు మాత్రం ఎవరు పోశారు? అదీ మనం చూళ్ళేదు. సీలు చూసేగా నమ్ముతున్నాం. ఇంతకు మించి నాకు తెలీదు. నిన్న రాత్రి అడగాల్సినవాళ్ళని అడిగా. వాళ్ళు చెప్పిందీ ఇదే."

తరవాత పెట్టె ఆ నర్సమ్మ ముందుకు జరిపింది.

"నీకిష్టమొచ్చింది ఒకటి తియ్యి. పైనది వద్దు, అడుగు నుంచి తీసుకో. చదువు. చదివి నాకు పొడువు."

నర్సమ్మ అడుగు నుంచే తీసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు ఎత్తి పేరు చదివింది, తారీఖు చదివింది. సిస్టరమ్మ రవిక చెయ్యి పైకి లాగి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఇంకొకరి చేత సూది వేయించుకోవడం నేను చూడటం అదే మొదలు. కళ్ళు గట్టిగా మూసుకుంది, రెండు కళ్ళూ.

ఆ రోజు ఎవరూ వేయించుకోలేదు. ఆమెకేమవుతుందో చూద్దామనుకున్నారు. ఆమె కూడా రండి అనలేదు. మర్నాడు పొద్దున్నే క్యాంటీన్ మధ్యలో నిలబడి చెప్పింది. "చెయ్యి నొప్పిగా ఉంది. ఈ పక్కకి తిరిగి పడుకోలేకపోయా. రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చబడింది." ఆ మర్నాడు వచ్చి తగ్గిందని చెప్పింది. నేను ఆశ్చర్యపోయాను. నొప్పి సంగతి చెబితే ఇంకా బెదురుతారు గదా అన్నాను.

"బాగానే ఉందంటే నమ్మరన్నయ్యా. నొప్పి చెబితే నమ్ముతారు."

మొదట నర్సమ్మే వేయించుకుంది. తరవాత ఒక్కొక్కరే వచ్చారు. అందరూ కాదు. లిఫ్టతను రాలేదు. మెట్లెక్కిన డాక్టరు కూడా రాలేదు. నేనూ వెళ్ళలేదు. ఆమె నన్ను బలవంతపెట్టలేదు. ఏడాదికి ఒకసారి, టీకా పెట్టె వచ్చిన రోజున, టీ తాగుతూ అడిగేది.

"ఈసారైనా?"

"చూద్దాం సిస్టరమ్మా."

"చూడన్నయ్యా. నిదానంగా చూడు."

మా ఊళ్ళో టీకాలవాళ్ళు వస్తున్నారంటే పిల్లలమంతా జొన్న చేలో దాక్కునేవాళ్ళం. ఆ సంగతి ఒకసారి చెప్పాను. ఆమె నా జబ్బ మీద పాత టీకా మచ్చలు చూసి, "ఎవరో పట్టుకున్నట్టున్నారే" అంది. "మా నాయన పట్టించినాడు" అన్నాను. అప్పుడు ఆమె నవ్విన నవ్వుకు మూట మీద నుంచి జారిపోబోయింది.

రిటైరైన రోజు దండలు, శాలువా అన్నీ అయ్యాక ఆమె నా గదికి వచ్చింది. మూట మీద కూర్చోలేదు. అలమారలో మడతల మధ్య చెయ్యి తిప్పి పెట్టి చూసింది. ఏమీ అనలేదు. అది మెప్పు అని నేను అనుకున్నాను.

ఈ ఏడు టీకాకు వచ్చినప్పుడు మామూలు చీరలో వచ్చింది. మూడో అంతస్తు దాకా లిఫ్టులోనే వచ్చి, అయినా ఆయాసపడింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు, రిటైరయ్యాక ఒళ్ళు బరువెక్కిందనుకున్నాను. ఇప్పుడు వార్డులో పెద్ద నర్సు ఆ దొడ్డబళ్ళాపురం నర్సమ్మే. ఆమే వేసింది. వెళ్ళేటప్పుడు సిస్టరమ్మ నా వైపు చూసి కళ్ళతోనే అడిగింది. నేను తల వంచుకున్నాను.

సమాధి దగ్గర పాట పాడుతుంటే ఆస్పత్రివాళ్ళం వెనక నిలబడ్డాం. పాట మధ్యలోనే గుసగుసలు. ఆ సూదే అన్నారు. వెనకటికి గుండెకు గొట్టం వేయించుకున్న మనిషికి ఎందుకు పొడవాలి అన్నారు. నర్సమ్మకు అది వినపడింది. పొడిచిన చెయ్యి ఆమెది. ఆ చేతిని కొంగులో చుట్టుకుని నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడి ఉండగా నన్ను అడిగింది.

"తాతా, నిజంగా నా చేత్తోనే అయిందా?"

"నాకేం తెలుసమ్మా."

"ఎవరికి తెలుసు?"

"ఇంట్లోవాళ్ళకి తెలిసుండొచ్చు."

"చావింట్లోకి పోయి అడిగేదెట్ల తాతా, సూదితోనే పోయిందా అని?"

బస్సు వచ్చే వైపు చూస్తూ ఆమే అంది. "అడగకుంటే ఆమె తిడుతుంది."

నాలుగు రోజులు ఆగి ఇద్దరం వెళ్ళాం. సిస్టరమ్మ భర్త రిటైరైన డ్రాయింగు మాస్టారు. సన్నగా, మెల్లగా ఉంటారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. వంటింటి గట్టు మీద ఆమె ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉంది. నర్సమ్మ నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకుని అడిగేసింది.

"అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దండి. ఆస్పత్రిలో అందరూ ఆ సూది వల్లే అంటా ఉండారు. వేసింది నేను. మీరేమన్నా చెబితే..."

మాస్టారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈస్టరు నాటికే మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేదమ్మా. వెనకటికి గుండెలో ఒక గొట్టం వేశారు గదా, మళ్ళీ చూడాలన్నాడు డాక్టరు. వానాకాలం వెళ్ళనియ్యండి అంది. ఈ టీకా సంగతి కూడా అడిగే వేయించుకుంది. గుండె జబ్బున్నవాళ్ళకి ఇంకా అవసరమన్నాడంట. ఒక డాక్టరు చెబితే మీ సిస్టరు నమ్ముద్దా? ఇంకో డాక్టర్నీ అడిగింది. ఆయనా అదే అన్నాడు."

"అయితే సూది కాదంటారా?"

"నేను బొమ్మలు వెయ్యటం నేర్పేవాణ్ణి. నాకేం తెలుసు? వాళ్ళు గుండె ఆగిందన్నారు. దాన్ని ఆగేట్టు చేసింది సూదని ఏ డాక్టరూ అన్లేదు. నేను విన్నది ఇంతే."

గేటు దాకా వచ్చి మాస్టారు అన్నారు. "అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారంట, విన్నాను. అడగటానికి వచ్చింది మాత్రం మీరిద్దరే."

తరవాతి గురువారం మిగిలిన టీకాలు వెయ్యాలి. నర్సమ్మ ఆ డ్యూటీ రూములోనే బల్ల వేసింది. తలుపు దగ్గర మళ్ళీ అదే గుంపు. ఆమె మాస్టారు చెప్పిందంతా చెప్పింది. ఆయాసం సంగతి, ఇద్దరు డాక్టర్ల సంగతి, నాకేం తెలుసు అన్న మాట కూడా. ఏదీ దాచలేదు.

"మొగుడు ఏం చెప్తాడులేమ్మా" అన్నాడు లిఫ్టతను.

"నువ్వు పోయి అడిగినావా?"

ఎవరూ కదల్లేదు. నాకు పదిమందిలో నడవాలంటే చెప్పలేని సిగ్గు. తువ్వాళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేద్దామనే వెళ్ళాను. పెట్టాక కుర్చీ ఖాళీగా కనిపించింది. కూర్చున్నాను.

నర్సమ్మ నన్నే చూస్తూ నిలబడిపోయింది. తరవాత అడుగు నుంచి ఒక సిరంజి తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పేరు చదివింది, తారీఖు చదివింది. దాన్ని నా చేతికిచ్చింది.

"మీరూ చూడండి తాతా."

ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. అయినా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఎత్తి చూశాను. నీళ్ళలాంటి మందు, కాస్త వెలుతురు. అంతే. నా భుజం మీదుగా లిఫ్టతను తొంగి చూస్తున్నాడు.

"ఏదీ, ఇట్లియ్యి" అన్నాడు.

అతను చూశాడు. వెనక్కీ ముందుకూ వంచి చూశాడు. అతని చేతిలోంచి ఊడ్చే ఆమె తీసుకుంది. ఆమె నుంచి క్యాంటీన్ అబ్బాయి. ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చి, కన్ను చిట్లించి, దాన్ని ఆకాశానికి ఎత్తి చూశారు. ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు. కానీ అందరూ చూశారు. సిస్టరమ్మ వార్డులో ఆ కిటికీ దగ్గర అంతమంది అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి తిరిగి అది నర్సమ్మ చేతికి వచ్చింది. ఆమె చెయ్యి తిప్పి, దాన్ని చేతి వెనక వైపు ఆనించి చూసింది.

"ఇంతమంది చేతులు మారి వెచ్చబడింది. ఇది వద్దు" అని పక్కన ట్రేలో పెట్టేసి, ఐసు పెట్టెలోంచి ఇంకొకటి తీసి, మళ్ళీ మొదటి నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.

నేను చొక్కా చెయ్యి మడిచాను.

సాయంత్రం మాసిన బట్టలు తేవడానికి ఆ గదిలోకి వెళ్ళాను. ఎంతమంది వేయించుకున్నారో నేను అడగలేదు. బల్ల తీసేశారు. ట్రే మాత్రం కిటికీ గూట్లో ఉంది. వాన ఆగి కాస్త ఎండ వచ్చింది. అందరూ ఎత్తి చూసిన ఆ సూది, మూత తియ్యకుండానే, ఆ ఎండలో పడుకుని ఉంది.